ఇంగ్లండ్ పబ్బులో చిన్న పందేల ఆటలను చట్టానికి లోబడి నడపడం ఎలా?

పబ్బు చేతికి వచ్చిన కొద్ది వారాల్లోనే, రోజూ వచ్చేవారిలో ఎవరో ఒకరు బారు దగ్గర నిలబడి, మంగళవారం సాయంత్రాలు ఎలాగూ ఖాళీగా ఉంటున్నాయి గదా, పోకర్ పెట్టిస్తే పదిమందీ వస్తారు గదా అని అడుగుతారు. అడిగినవారి ఉద్దేశం మంచిదే. అయితే మీరు "సరే" అనే ముందు తెలుసుకోవలసినవీ, చేసి పెట్టుకోవలసినవీ కొన్ని ఉన్నాయి. ఇంగ్లండులోనో వేల్సులోనో పబ్బును కౌలుకు తీసుకుని నడుపుతున్న తెలుగువారి కోసం, చదువుకుంటూ సాయంత్రాలు బారు వెనుక పనిచేసి క్రమంగా మేనేజరు బాధ్యత అందుకుంటున్న మన పిల్లల కోసం, ఆ పనులను ఇక్కడ వరుసగా చెబుతున్నాను. స్కాట్లండుకు కూడా ఇదే చట్టం వర్తిస్తుంది గాని అక్కడ అనుమతులు చూసేవి లైసెన్సింగ్ బోర్డులు. ఉత్తర ఐర్లండులో చట్టమే వేరు. ఆ రెండు చోట్ల ఉన్నవారు అక్కడి నియమాలను విడిగా చూసుకోవాలి.

ముందు చట్టం ఏమంటుందో చూద్దాం. 2005 నాటి గ్యాంబ్లింగ్ చట్టం 2007 సెప్టెంబరు 1 నుంచి పూర్తిగా అమలులోకి వచ్చింది. దాని ప్రకారం, జూదానికి ఏర్పాట్లు చేసేవారెవరికైనా లైసెన్సు ఉండాలి, లేదా చట్టమే ఇచ్చిన ఏదో ఒక మినహాయింపు కిందికి వారు రావాలి. మద్యం అమ్మే బార్లకు అటువంటి మినహాయింపులు ముఖ్యంగా రెండు ఉన్నాయి. ఒకటి, బల్ల చుట్టూ కూర్చుని చిన్న పందేలతో ఆడుకునే ఆటలకు. రెండవది, గోడ పక్కన పెట్టే ఫ్రూట్ మెషీన్లకు, అంటే నాణేలు వేసి బహుమతి కోసం ఆడే యంత్రాలకు. మొదటి మినహాయింపు ఆటగాళ్ల కాలక్షేపం కోసం ఇచ్చినది గనుక అక్కడి పందెం సొమ్ములో ఒక్క పెన్నీ కూడా పబ్బుకు చెందదు. రెండవది పబ్బుకు ఆదాయం తెచ్చేది గనుక దానికి నోటీసు, రుసుము, పన్ను అన్నీ తగిలించారు. పబ్బుల్లో జరిగే పొరపాట్లలో చాలా వరకు ఈ తేడా తెలియక, బల్ల మీది ఆటను కూడా ఆదాయ మార్గంగా చూడడం వల్ల జరిగేవే. సందేహం వచ్చిన ప్రతిసారీ, ఈ సొమ్ము ఎవరి జేబులోంచి వచ్చి ఎవరి జేబులోకి పోతోంది అని అడిగితే సగం జవాబు అక్కడే దొరుకుతుంది.

మీ స్థలానికి ఆ హక్కు ఉందో లేదో చూడండి

మొదటి పనిగా మీ మద్యం లైసెన్సు కాగితాన్ని బయటికి తీసి చదవండి. ఈ మినహాయింపులు వర్తించాలంటే మూడు సంగతులు కుదరాలి. ఆ స్థలంలోనే కూర్చుని తాగడానికి మద్యం అమ్మే లైసెన్సు ఉండాలి. నిలబడి మద్యం తీసుకునే బారు ఒకటి అక్కడ ఉండాలి. భోజనంతో పాటు మాత్రమే మద్యం ఇవ్వాలనే షరతు లైసెన్సులో ఉండకూడదు. ఈ మూడవది మనవారికి ముఖ్యం. చాలా ఇండియన్ రెస్టారెంట్ల లైసెన్సుల్లో సరిగ్గా ఇదే షరతు ఉంటుంది. అటువంటి రెస్టారెంటులో ఒక మూల ఫ్రూట్ మెషీను పెట్టడం గాని, ఆదివారం రాత్రి బల్ల వేసి పేకాట ఆడించడం గాని ఈ మినహాయింపు కిందికి రావు.

ఇంకొక పరిమితి సమయానికి సంబంధించినది. లైసెన్సు ప్రకారం మద్యం అమ్మడానికి వీలున్న వేళల్లోనే ఆటలకూ మెషీన్లకూ ఈ హక్కు ఉంటుంది. రాత్రి 11 గంటలకు అమ్మకం ఆపవలసిన పబ్బులో, తలుపులు మూసుకుని స్నేహితులతో ఒంటిగంట దాకా పోకర్ సాగితే, ఆ తరువాతి రెండు గంటలూ మీకు చట్టం రక్షణ లేదు. ఆట మొదలుపెట్టే వేళను ముగింపు వేళ నుంచి వెనక్కి లెక్కించి నిర్ణయించండి.

ఆట ఏ రకానిదో తేల్చుకోండి

బల్ల మీద ఆడించడానికి చట్టం అనుమతించేది అందరికీ సమానావకాశం ఉన్న ఆటలను మాత్రమే. అంటే ఆటగాళ్లు ఒకరితో ఒకరు పోటీ పడాలి, గెలుపు అవకాశాలు అందరికీ ఒకే విధంగా ఉండాలి, బ్యాంకుకు ఎదురుగా ఎవరూ పందెం కాయకూడదు. బ్యాంకు అంటే, వచ్చిన పందేలన్నిటినీ ఎదుర్కొని గెలిచినవారికి తానే చెల్లించి మిగిలినది తానే ఉంచుకునే పక్షం. దాన్ని ఏ పేరుతో పిలిచినా, దాన్ని నడిపేది ఆటగాళ్లలో ఒకరే అయినా, అది బ్యాంకే అవుతుందని చట్టం విడమరచి చెప్పింది.

మన ఊళ్ల ఆటలతో చెబితే ఇది వెంటనే అర్థమవుతుంది. సంక్రాంతికి గోదావరి జిల్లాల్లో కనిపించే గుండాటను గుర్తుచేసుకోండి. బొమ్మలు వేసిన పటం పరిచి, చుట్టూ చేరినవారు తమకు నచ్చిన బొమ్మ మీద డబ్బు పెడితే, పాచికలు వేసి చెల్లించేవాడూ పోయినది లాగుకునేవాడూ బోర్డు నడిపే మనిషే. అతనే బ్యాంకు. లోన-బయట అనీ కోతముక్క అనీ మనం పిలిచే ఆటలో ఒకడు ముక్కలు తిప్పుతూ అందరి పందేలనూ ఎదుర్కొంటే అక్కడా ఇంతే. బ్లాక్‌జాక్, రూలెట్ కూడా ఇదే కోవలోవి. "మేము వంతులవారీగా బ్యాంకు పట్టుకుంటాము, పబ్బుకు ఏమీ సంబంధం లేదు" అన్నా పబ్బులో వీటికి చోటు లేదు. మన మిత్రులు పండుగ పూట సరదాగా అడిగినా సరే, వీటికి మీ బల్ల ఇవ్వకండి.

రమ్మీ సంగతి వేరు. ఇక్కడ మనవారు తరచుగా పొరబడతారు. 1968లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వానికీ కె. సత్యనారాయణకూ మధ్య నడిచిన వ్యాజ్యంలో, సికింద్రాబాదులోని ఒక క్లబ్బుకు సంబంధించి భారత సుప్రీంకోర్టు రమ్మీని ప్రధానంగా నైపుణ్యం మీద ఆధారపడిన ఆటగా పేర్కొన్నది. ఆ మాట మన చెవుల్లో ఎంతగా నాటుకుందంటే, రమ్మీ జూదం కాదు గనుక ఎక్కడైనా ఆడుకోవచ్చు అనుకుంటాము. బ్రిటిష్ చట్టం అలా చూడదు. అదృష్టమూ నైపుణ్యమూ కలిసిన ఆట ఏదైనా ఇక్కడ అదృష్టపు ఆట కిందే లెక్క. కాబట్టి డబ్బుతో ఆడే రమ్మీ పబ్బులో జూదమే. అయితే అందులో బ్యాంకు లేదు, అవకాశాలు అందరికీ సమానం, అందువల్ల పందెం పరిమితికి లోబడి ఆడించవచ్చు. ఇండియా తీర్పును చూపించి పెద్ద పందేలతో రమ్మీ ఆడిస్తామంటే ఇక్కడి కౌన్సిల్ అధికారి ముందు ఆ వాదన నిలవదు.

పందెమూ బహుమతీ: గుర్తుంచుకోవలసిన అంకెలు

డామినోలు, క్రిబేజ్ అనే రెండు పాత పబ్బు ఆటలకు చట్టం పందెం పరిమితి పెట్టలేదు. ఇవి 1968 నాటి గేమింగ్ చట్టం కాలంలోనే పబ్బుల్లో అనుమతి పొందిన ఆటలు. వాటి మీద ఉన్న నమ్మకం అలాగే కొనసాగింది. పరిమితి లేదు గదా అని పందేలు పెరగనివ్వడం మాత్రం మంచిది కాదు. పెద్ద పందెం ఉన్న బల్ల దగ్గరికి పెద్ద తగాదా కూడా వస్తుంది.

మిగిలిన సమానావకాశపు ఆటలకు, ఒక ఆటలో ఒక్కొక్కరు పెట్టే పందెం 5 పౌండ్లు మించకూడదు. పోకరుకు మాత్రం దీని మీద మరి రెండు పరిమితులు ఉన్నాయి. రోజు మొత్తం మీద ఆ పబ్బులో పోకరు ఆటలన్నిటికీ కలిపి వచ్చిన పందెం 100 పౌండ్లు దాటకూడదు. ఒక ఆటలో గెలుచుకునే బహుమతి విలువ కూడా 100 పౌండ్లు దాటకూడదు.

ఇక పబ్బు తీసుకోకూడనివి. ఆడడానికి రుసుము వసూలు చేయకూడదు. పందెం సొమ్ములోంచి గాని గెలుపులోంచి గాని కమీషను కోయకూడదు. పేక కొన్నందుకనో, బల్ల ఇచ్చినందుకనో, పంచేవాడికి ఇవ్వడానికనో ఆటగాళ్ల దగ్గర తలా ఒక పౌండు తీసుకున్నా అది రుసుమే. మన పేకాట క్లబ్బుల్లో టేబులు కమీషను అలవాటైనవారికి ఇది వింతగా తోచవచ్చు గాని, ఇక్కడ మినహాయింపు అంతా దీని మీదే నిలబడి ఉంది. "ఆడాలంటే 10 పౌండ్ల భోజనం తప్పనిసరి" అనడం కూడా రుసుమును వేరే రూపంలో వసూలు చేయడమే అవుతుంది. ఆటకు వచ్చినవారు తమంతట తాము బీరు కొనుక్కోవడం, భోజనం చేయడం వేరు. అదే మీకు న్యాయంగా వచ్చే లాభం, అది చాలు.

ఒక పబ్బులోని ఆటను మరొక పబ్బులోని ఆటతో కలపకూడదు. రెండు పబ్బులు కలిసి పందేలు పోగుచేసి ఒకే బహుమతి ఇవ్వడం గాని, ఒకచోటి ఫలితం మీద మరొకచోటి గెలుపు ఆధారపడేలా చేయడం గాని నిషిద్ధం. 18 ఏళ్లు నిండనివారు ఆటలో కూర్చోకూడదు.

పోకర్ రాత్రిని నడిపే పద్ధతి

పోకరు గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే పబ్బులో అందరూ అడిగేది అదే, అంకెలు తప్పేది కూడా అక్కడే.

తలా 5 పౌండ్ల ప్రవేశ పందెంతో టోర్నమెంటు పెడితే 20 మందితో సరిగ్గా 100 పౌండ్లు అవుతుంది. ఇరవై ఒకటో మనిషి కూర్చుంటే పరిమితి దాటుతుంది. నేను సాయంత్రాలు పనిచేసిన ఒక పబ్బులో ఒకసారి 24 మంది వచ్చారు. డబ్బు వసూలు చేసిన కుర్రవాడు ఉత్సాహంలో అందరి దగ్గరా 5 పౌండ్ల చొప్పున తీసుకున్నాడు. పెట్టెలో 120 పౌండ్లు ఉన్నాయని మేనేజరు చూసుకునేసరికి ముక్కలు పంచబోతున్నారు. ఆట ఆపి, తలా ఒక పౌండు తిరిగి ఇచ్చి, 4 పౌండ్ల పందెంతో 96 పౌండ్లకు తెచ్చి మళ్లీ మొదలుపెట్టారు. ఆ పావుగంట ఆలస్యానికి ఎవరూ విసుక్కోలేదు. అందుకని పందెం ఎంతో ముందే ప్రకటించకుండా, పేర్లు రాసుకున్న తరువాత మనుషులను లెక్కబెట్టి, 100ను ఆ సంఖ్యతో భాగించి వచ్చిన దానిలోపల, 5 పౌండ్లు మించకుండా పందెం నిర్ణయించడం మంచి పద్ధతి.

ఓడినవారు మళ్లీ డబ్బు కట్టి ఆటలోకి రావడాన్ని అనుమతించాలనుకుంటే, ఆ రెండవ చెల్లింపు కూడా అదే మనిషి పందెంలో భాగమే. మొదట 5 పౌండ్లు కట్టినవాడికి ఆ ఆటలో మళ్లీ కట్టే వీలు లేదు. 2 పౌండ్లతో మొదలుపెట్టినవాడు మరొక 3 పౌండ్ల దాకా కట్టవచ్చు. అయితే ఆ సొమ్మంతా రోజు మొత్తపు 100 పౌండ్ల లెక్కలోకి వస్తుందని మరువకండి. ఆటగాళ్లు పక్క పందేలు కాసుకుంటే వాటిని కూడా ఇదే పరిమితిలో చూడాలి గనుక, పక్క పందేలు ఉండవని ఆట ముందే చెప్పేయడం సులభం. ప్రతి పంపకానికీ నేరుగా డబ్బు పెట్టి ఆడే నగదు ఆటను నేనైతే అసలు అనుమతించను. రాత్రి పది గంటలకు జనం మధ్య గ్లాసులు అందిస్తూ ఎవరు ఎంత పెట్టారో లెక్కపెట్టడం ఏ సిబ్బంది వల్లా కాదు. ప్రవేశ పందెం ఒక్కసారి తీసుకుని, బదులుగా విలువ లేని చిప్పులు ఇచ్చే టోర్నమెంటులో అయితే లెక్క ఒక కాగితం మీద తేలిపోతుంది.

వసూలైన సొమ్మంతా బహుమతులుగా ఆటగాళ్లకే తిరిగి వెళ్లాలి. 100 పౌండ్లూ ఒకరికే ఇచ్చే ఆటలో, పబ్బు తరఫున ఒక విస్కీ సీసా కూడా గెలిచినవాడి చేతిలో పెట్టాలని మీకు అనిపించవచ్చు. అప్పుడు బహుమతి విలువ పరిమితి దాటుతుంది. పందెమే లేకుండా ఉచితంగా ఆడించినా బహుమతి పరిమితి పోదు, ఎందుకంటే ఆడేవాడు ఏమీ పోగొట్టుకోకపోయినా బహుమతి కోసం అదృష్టపు ఆట ఆడడం చట్టం దృష్టిలో జూదపు ఆటే. "ప్రవేశం ఉచితం, మొదటి బహుమతి 250 పౌండ్లు" అన్న బోర్డు రాయడానికి ముందు ఈ మాట గుర్తుచేసుకోండి.

ఆ రాత్రికి బాధ్యుడిగా సిబ్బందిలో ఒకరిని నియమించండి. అతను ఆటలో కూర్చోకూడదు. ఆట నియమాలను బల్ల దగ్గర కనిపించేలా అతికించండి. తేదీ, ఆటగాళ్ల సంఖ్య, తలా పందెం, మొత్తం, ఇచ్చిన బహుమతులు ఒక పుస్తకంలో రాసి బాధ్యుడి చేత సంతకం చేయించండి. పేక కట్టలు పబ్బువే వాడండి. ఎవరో ఇంటినుంచి తెచ్చినవి వద్దు. ఎవరికీ అప్పు ఇవ్వకండి, "రేపు ఇస్తాను" అన్న మాట మీద బల్ల దగ్గర కూర్చోనివ్వకండి. అప్పు పెట్టి ఆడిన మనిషి మరునాడు మీ పబ్బుకు రావడం మానేస్తాడు, లేదా తగాదాతో వస్తాడు.

బింగో, స్వీప్‌స్టేక్, క్విజ్

మనం హౌసీ అనీ తంబోలా అనీ ఆడే ఆట ఇక్కడ బింగో. సమానావకాశపు ఆట గనుక దీన్ని కూడా ఇవే షరతులతో ఆడించవచ్చు: టికెట్ల సొమ్మంతా బహుమతులకే పోవాలి. ఏ ఏడు రోజుల వ్యవధిలోనైనా పందేలు గాని బహుమతులు గాని 2,000 పౌండ్లు దాటితే, జూదాన్ని నియంత్రించే సంస్థ అయిన గ్యాంబ్లింగ్ కమిషన్‌కు తెలియజేయాలి. ఆ తరువాతి ఏడాదిలోపల మరొకసారి అంత స్థాయి వస్తే లైసెన్సు అవసరమవుతుంది. మామూలు పబ్బు ఆ దరిదాపులకు పోదు.

ఏప్రిల్‌లో గ్రాండ్ నేషనల్ గుర్రపు పందెం వచ్చిందంటే టోపీలో గుర్రాల పేర్ల చీటీలు వేసి అమ్మే స్వీప్‌స్టేక్ పెట్టమంటారు. ఇది వినియోగదారుల లాటరీ కిందికి వస్తుంది. ఆ సమయంలో పబ్బులో ఉన్నవారికే చీటీలు అమ్మాలి, ప్రకటన కూడా పబ్బు లోపలే ఉండాలి, ఏ బహుమతీ 50 పౌండ్లు మించకూడదు, పబ్బుకు లాభం ఉండకూడదు, ఒకటి జరిగిన ఏడు రోజుల లోపల మరొకటి పెట్టకూడదు. ధర్మకార్యానికి డబ్బు పోగుచేసే లాటరీలకు నియమాలు వేరు.

గుర్రాల మీదో ఫుట్‌బాల్ మీదో పందేలు తీసుకోవడం మాత్రం పబ్బు పని కాదు. బారు వెనుక ఒక చీటీల పుస్తకం పెట్టి వచ్చినవారి పందేలు రాసుకోవడం, వాటిని బెట్టింగ్ షాపుకు చేరవేస్తానని తీసుకోవడం నేరం. తెలిసిన ముసలాయన కాళ్లు నొప్పులని బతిమాలినా ఆ కాగితం మీ చేత్తో తీసుకోకండి. ప్రవేశ రుసుముతో నడిపే క్విజ్ రాత్రి సంగతి వేరు. అది తెలివికి సంబంధించినది, అదృష్టపు ఆట కాదు.

మెషీన్లు పెట్టే ముందు

పందెం, బహుమతి పరిమితులను బట్టి మెషీన్లను వర్గాలుగా విభజించారు. బారుకు ఉన్న లైసెన్సు వల్ల సి, డి వర్గాల మెషీన్లు మొత్తం రెండింటిని పెట్టుకునే హక్కు దానంతట అదే వస్తుంది. కాని హక్కు ఉన్నంత మాత్రాన మెషీన్లను నేరుగా ఆన్ చేయకూడదు. ముందుగా మీ లైసెన్సింగ్ అధికార సంస్థకు, అంటే స్థానిక కౌన్సిల్‌కు, రాతపూర్వకంగా నోటీసు ఇచ్చి 50 పౌండ్ల రుసుము కట్టాలి. రెండు కంటే ఎక్కువ కావాలంటే పర్మిట్‌కు దరఖాస్తు చేయాలి. కొత్త దరఖాస్తుకు 150 పౌండ్లు, ఆపైన ఏటా 50 పౌండ్లు. ఎన్ని మెషీన్లు, ఏ వర్గానివి అన్నది కౌన్సిల్ నిర్ణయిస్తుంది. మీరు అడిగినదానికంటే తక్కువ ఇవ్వవచ్చు. పర్మిట్ కాగితాన్ని పబ్బులోనే ఉంచాలి, అడిగితే చూపాలి.

సి వర్గపు మెషీనులో ఒక ఆటకు గరిష్ఠ పందెం 1 పౌండు, గరిష్ఠ బహుమతి 100 పౌండ్లు. డి వర్గంలో అనేక రకాలున్నాయి. నగదు మెషీనులో 10 పెన్నీల పందేనికి 5 పౌండ్ల బహుమతి, బొమ్మలను ఎత్తే క్రేను మెషీనులో 1 పౌండు పందేనికి 50 పౌండ్ల విలువైన వస్తువు. ఇంతకంటే పెద్ద వర్గాలవి పబ్బులో ఉండకూడదు. గ్యాంబ్లింగ్ కమిషన్ లైసెన్సు ఉన్న సరఫరాదారు దగ్గరే మెషీను తీసుకోండి. కమిషన్ వెబ్‌సైటులో ఉన్న బహిరంగ రిజిస్టరులో ఆ సంస్థ పేరు వెతికి చూడడానికి ఐదు నిమిషాలు పట్టదు. వేరే పబ్బు మూతపడితే చవకగా వచ్చిందని ఎవరో వ్యానులో తెచ్చి అమ్మజూపే మెషీను జోలికి పోకండి. క్రెడిట్ కార్డుతో డబ్బు వేసే వీలున్న మెషీను పెట్టడం కూడా నేరమే.

ఎక్కడ పెట్టాలి అన్నది చిన్న విషయంగా కనిపిస్తుంది గాని మొత్తం వ్యవహారంలో ఇదే ముఖ్యమని నా అభిప్రాయం. బారు వెనుక నిలబడినవారికి మెషీను ముందు ఉన్న మనిషి ముఖం కనబడాలి. మరుగుదొడ్లకు పోయే నడవలోనో, పిల్లలతో వచ్చిన కుటుంబాలు కూర్చునే గదిలోనో, వెనుక తలుపు పక్కనో పెడితే సిబ్బంది ఎంత మంచివారైనా చూడలేరు. 2018లో గ్యాంబ్లింగ్ కమిషన్ ఇంగ్లండులోని కొన్ని పబ్బుల్లో చేయించిన పరీక్షల్లో, 18 ఏళ్లు నిండనివారు సి వర్గపు మెషీన్లు ఆడకుండా ఆపలేకపోయినవి దాదాపు 90 శాతం. మద్యం అడిగిన కుర్రవాడిని వయసు చూపమని తప్పక అడిగే మనిషి, అదే కుర్రవాడు మూలన మెషీనులో నాణేలు వేస్తుంటే తల తిప్పుకుని పోతాడు, ఎందుకంటే అక్కడ తన దగ్గరికి వచ్చి ఎవరూ ఏమీ అడగరు. కాబట్టి మీ సిబ్బందికి చెప్పవలసిన మాట ఒక్కటే: మెషీను ముందు కుర్రతనం కనిపించిన ప్రతివారి దగ్గరికీ మనమే నడిచి వెళ్లి గుర్తింపు అడగాలి. అడిగిన ప్రతిసారీ, తిప్పి పంపిన ప్రతిసారీ పుస్తకంలో ఒక వాక్యం రాయించండి. డి వర్గపు మెషీన్లకు ఈ వయసు నిబంధన చట్టంలో లేకపోయినా, నగదు ఇచ్చే వాటి దగ్గర కూడా పెద్దలనే ఉండనివ్వడం మేలు.

పబ్బులో నగదు తీసుకునే ఏటీఎం ఉంటే, దాన్ని వాడడానికి ఆటగాడు మెషీను వదిలి రావలసినంత దూరంలో ఉండాలి. ఆ నాలుగు అడుగులు నడిచే వ్యవధిలో మనసు మార్చుకునేవారు ఉంటారు. గ్యామ్‌కేర్ అనే స్వచ్ఛంద సంస్థ నడిపే జాతీయ జూద సహాయ లైను సంఖ్య 0808 8020 133ను మెషీను పక్కన కనిపించేలా పెట్టండి. అది ఉచితం, రాత్రింబగళ్లు పనిచేస్తుంది. జీతం వచ్చిన సాయంత్రమే మెషీను దగ్గర నిలబడిపోయే మనిషి ప్రతి పబ్బులోనూ ఉంటాడు. అతని పేరు సిబ్బందికి తెలుసు, కుటుంబం కూడా తెలిసి ఉండవచ్చు. అతనితో నెమ్మదిగా ఒక మాట మాట్లాడడం వల్ల పోయే ఆదాయాన్ని లెక్కలోకి తీసుకోవద్దని మనవి.

పన్ను లెక్క

మెషీన్ల ఆదాయం మీద 2013 ఫిబ్రవరి 1 నుంచి మెషీన్ గేమ్స్ డ్యూటీ అనే పన్ను ఉంది. దీన్ని వసూలు చేసేది బ్రిటిష్ ప్రభుత్వ పన్నుల శాఖ అయిన హెచ్‌ఎంఆర్‌సీ. మెషీన్లు ఆటకు అందుబాటులోకి రావడానికి కనీసం 14 రోజుల ముందు పేరు నమోదు చేసుకోవాలి. పబ్బు కౌలుకు తీసుకున్నవారైతే, లైసెన్సు మరొకరి పేరున ఉన్నా ఈ బాధ్యత కౌలుదారుదే. మెషీను సరఫరా చేసినవారు కడతారు అనుకుని ఊరుకుంటే జరిమానా మీకే వస్తుంది.

పబ్బులోని మామూలు సి వర్గపు మెషీనుకు పన్ను రేటు 20 శాతం. పందెం 20 పెన్నీలు, బహుమతి 10 పౌండ్లు మించని చిన్న మెషీన్లకు 5 శాతం. పన్ను వేసేది నికర రాబడి మీద, అంటే మెషీనులో పడిన మొత్తంలోంచి గెలిచినవారికి ఇచ్చినది తీసివేయగా మిగిలిన దాని మీద. ఉదాహరణకు మూడు నెలల్లో 6,000 పౌండ్లు పడి 4,800 పౌండ్లు గెలుపులుగా పోతే, మిగిలిన 1,200 మీద 240 పౌండ్ల పన్ను. ఈ లెక్క సరఫరాదారు వాటా తీయకముందు వేయాలి, తీసిన తరువాత కాదు. మెషీన్ల ఒప్పందం మీద సంతకం పెట్టే ముందు, పన్ను పోగా మిగిలిన దాన్ని పంచుకుంటున్నారా, పన్ను పూర్తిగా మీ వాటాలోంచే పోతోందా అన్నది చదివి తెలుసుకోండి. మూడు నెలలకోసారి, ఆ వ్యవధి ముగిసిన 30 రోజుల లోపల లెక్క దాఖలు చేసి పన్ను కట్టాలి. ఆట జరగని త్రైమాసికానికి కూడా సున్నా లెక్క పంపాలి. మెషీను తెరిచినప్పుడల్లా సరఫరాదారు మనిషి ఇచ్చే రసీదును ఎదురుగా నిలబడి సరిచూసి, నాలుగేళ్లు భద్రపరచండి. ఈ పన్ను పడే ఆదాయం మీద వ్యాట్ ఉండదు. అయితే దాని ప్రభావం మీరు తిరిగి పొందే వ్యాట్ మీద పడవచ్చు గనుక అకౌంటెంటుతో ఒకసారి మాట్లాడండి.

హక్కు పోయే సందర్భాలు

ఆటల షరతులను ఉల్లంఘించినా, పబ్బు ప్రధానంగా జూదానికే వాడుకలో ఉందని తేలినా, అక్కడ గ్యాంబ్లింగ్ చట్టం కింద నేరం జరిగినా, కౌన్సిల్ ఆ పబ్బుకున్న మినహాయింపును తొలగిస్తూ ఉత్తర్వు ఇవ్వవచ్చు. అంతకుముందు కనీసం 21 రోజుల నోటీసు ఇవ్వాలి, మీరు కోరితే మీ వాదన వినాలి. ఉత్తర్వు వచ్చాక మేజిస్ట్రేటు కోర్టుకు అప్పీలు చేసుకోవచ్చు. నోటీసు అందిన రోజున మీ చేతిలో ఉండవలసినవి మీ పుస్తకాలే: పోకర్ రాత్రుల లెక్కలు, వయసు అడిగిన సందర్భాల నమోదు, సిబ్బందికి శిక్షణ ఇచ్చిన తేదీలు. తరువాత కూర్చుని రాసిన పుస్తకం చూడగానే తెలిసిపోతుంది. అందుకని ఏ రాత్రి సంగతి ఆ రాత్రే, గ్లాసులు కడిగేలోపల రాయించండి.

పబ్బు చేతులు మారేటప్పుడు ఒక సంగతిని చాలామంది మరచిపోతారు. రెండు మెషీన్ల కోసం పాత లైసెన్సుదారు ఇచ్చిన నోటీసు కొత్తవారికి వర్తించదు. లైసెన్సు మీ పేరుకు మారిన రోజున మళ్లీ నోటీసు ఇచ్చి 50 పౌండ్లు కట్టే దాకా ఆ మెషీన్లు ఆపి ఉంచాలి. పర్మిట్ ఉన్న చోటయితే, దాన్ని కూడా మీ పేరుకు మార్చమని 25 పౌండ్ల రుసుముతో విడిగా దరఖాస్తు చేయాలి. తాళాలు అందుకునే ముందే ఈ రెండు కాగితాలనూ సిద్ధం చేసుకుని, మొదటి రోజు ఉదయమే కౌన్సిల్‌కు పంపండి.